కూర్మమ్మ పిడికిలి

సరుగుళ్లపేటలో ఎవరికి జ్వరం తగిలినా, ఎవరి పడవ ఒడ్డుకు రావడం ఆలస్యమైనా, ఎవరి కోడలు నొప్పులు పడుతున్నా జనం నోట ముందు వచ్చే మాట ఒకటే. "బేగి జగ్గమ్మని పిలండే!" ఆ మాట చెవిన పడిందంటే చాలు, కూర్మమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఎక్కదూ మరి! శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ చేపల పల్లెలో బాప్తిస్మం తీసుకున్న మొదటి ఆడమనిషి కూర్మమ్మ. పేటంతా అమ్మవారికి మొక్కే ఇళ్లే. అలాంటి చోట తిట్లు తిని, మొగుడి చేత గడప బయట నిలబెట్టించుకుని మరీ ప్రార్థనకి వెళ్లిన మనిషి. మందిరం తాటాకు పాకగా ఉన్న రోజుల నుంచీ ఊడ్చింది, అలికింది, రేకుల కప్పు వేసేటప్పుడు ఇసుక మోసింది. ఆఖరికి ఈ జగ్గమ్మని చెయ్యి పట్టుకుని మందిరానికి తీసుకొచ్చింది కూడా తనే. కళ్లెప్పుడు మూసుకోవాలో, ఆమెన్ ఎప్పుడనాలో నేర్పింది తనే. అలాంటిది ఇవాళ జనానికి జగ్గమ్మ కావలసి వచ్చింది!

పోనీ జగ్గమ్మలో అంత గొప్పేముంది అంటే, కూర్మమ్మ లెక్కలో ఏమీ లేదు. మనిషి బొద్దుగా ఉంటుంది, ఊరికే నవ్వుతుంది. పాట ఎత్తుకుంటే పాట ఒక దారి, జగ్గమ్మ ఒక దారి. వాక్యం ఒక్కటీ తిన్నగా నోటికి రాదు, పేతురు అన్నది తీసుకెళ్లి పౌలుకి అంటగడుతుంది. ప్రార్థన మధ్యలో ఏడుపొచ్చి కొంగుతో ముక్కు చీదుకుంటుంది. అదీ ఒక ప్రార్థనేనా? కూర్మమ్మ ప్రార్థన అలా ఉండదు. స్తోత్రంతో మొదలై, లోకంలో ఉన్న రోగుల్నీ అధికారుల్నీ అందర్నీ చుట్టుకుని, ఎక్కడా తడబడకుండా ఆమెన్ దగ్గరికి చేరుతుంది. చేరేసరికి రోగి నిద్రపోతాడు, అది వేరే సంగతి.

వలలు లాగే ఎర్రన్నకి పచ్చకామెర్లు పట్టినప్పుడు, జగ్గమ్మ కంటే ముందే వెళ్లాలని కూర్మమ్మ మొహం కూడా కడుక్కోకుండా బయల్దేరింది. మంచం పక్కన మోకరించి ఎంతసేపు ప్రార్థన చేసిందో! ముగించి లేస్తుంటే ఎర్రన్న కళ్లు తెరిచి పెళ్లాం వైపు చూశాడు.

"జగ్గమ్మ ఇంకా రానేదేటి?" అన్నాడు.

కూర్మమ్మ ఇంటికి వచ్చేదాకా గొణుక్కుంటూనే ఉంది. "వస్తాది, వస్తాది. ముక్కు సీదుకోడానికి వస్తాది!"

వ్యాపారంలోనూ ఇదే వరస. ఇద్దరివీ ఎండు చేపల బతుకులే. వేకువనే పడవలు వచ్చే వేళకి ఒడ్డుకు పోయి నెత్తళ్ల చిన్న చేపలు వేలంలో పాడుకుని, ఉప్పు పట్టించి ఇసుకలో ఎండబెట్టి, గంపలకెత్తుకుని ఒకే ఆటోలో, ఒకే బస్సులో పాతపట్నం దాకా పోయి అమ్ముకునేవారు. ఒడ్డుకి కూర్మమ్మ అందరికంటే ముందు వస్తుంది, మేలైన సరుకు తీసుకుంటుంది. జగ్గమ్మ రోజూ ఆలస్యంగానే వస్తుంది, అందరూ ఏరుకోగా మిగిలినది తీసుకుంటుంది. ఏమే, ఇంత నిద్రేమిటే అంటే నవ్వేసి ఊరుకుంటుంది. తీరా పాతపట్నం చేరాక, ఒడిశా వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లని, ఎండు చేపకి వాళ్లనే మాటతో "సుకువా, సుకువా" అని పిలిచేసరికి ఆ మిగులు నెత్తళ్లే ముందు చెల్లిపోయేవి. కూర్మమ్మ తన మేలైన గంప ముందు పెట్టుకుని ఈగలు తోలుకుంటూ కూర్చునేది. పైగా కూర్మమ్మది ఉప్పు చెయ్యి. చేపలకైనా కూరకైనా ఆ చేతి నుంచి ఉప్పు కాస్త ఎక్కువే పడుతుంది. మందిరంలో ప్రేమవిందు వండిన రోజున జనం కడవలకి కడవలు మంచినీళ్లు తాగేవారు. ఎవరూ పైకి అనరు, ఆమె నోటికి భయపడి.

ఇంతకీ అసలు సంగతికి వస్తాను. తిత్లీ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, స్త్రీల సమాజానికి నాయకురాలిగా ఉన్న పెద్దావిడ విజయనగరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కొత్త నాయకురాల్ని కోత పండుగ నాడు ఎంచుకోవాలి. అది తనకి రావాలని కూర్మమ్మ ఎన్నాళ్లుగా కాచుక్కూర్చుందో ఆమెకీ దేవుడికీ తెలుసు. నాయకురాలికి జీతమా, బత్తెమా? ఏమీ లేదు. గిన్నెలూ చాపలూ పెట్టుకునే పెట్టె తాళం ఒకటి నడుముకి వేలాడుతుంది, అంతే. ఆ తాళం కోసం కూర్మమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. తీరా చూస్తే నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు చెవులు కొరుక్కుంటున్నారు, "జగ్గమ్మైతే బాగుంటాది కదే" అని.

ఆ మాట విన్న రోజు కూర్మమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయింది.

ఆ మందిరంలో ఒక పద్ధతి ఉంది. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు వెనక్కి తీసి చిన్న కుండలో వెయ్యాలి. శనివారం నాడు కూర్మమ్మ గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తుంది. దానితో తిండిలేని వాళ్లకి వండిపెడతారు. అందులో మన మతమా, పరాయి మతమా అన్న తేడా లేదు. పాస్టరు జగన్నాధం గారు దీనికి ఒక కట్టుబాటు పెట్టారు. (పేరు జగన్నాధం, పని పాస్టరు పని. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడాయన.) ఎవరి కుండలో ఎంతుందో ఇంకొకరు చూడకూడదు. అంతా ఒకే సంచిలో కలిసిపోవాలి. చూసే హక్కు సంచి మోసే కూర్మమ్మకి ఒక్కదానికే. చూసింది నోటితో అనకూడదు.

ఈ పద్ధతి జగ్గమ్మకి నేర్పింది కూడా కూర్మమ్మే. అప్పట్లో ఆమె ఒక మాట చెప్పింది. "ఊరికే పిడికిలి తీసి పడీకు జగ్గీ. తీసినప్పుడు ఆకలిగున్న ఒక్క మొగం తలుసుకో. ఆ మొగానికి పెడతన్నానని ఎయ్యాల." కొత్తలో కూర్మమ్మ కూడా అలాగే వేసేది. ఆ రోజుల్లో ఆమె కళ్లముందు మెదిలిన మొహం తన అప్ప, అంటే పెద్దక్క, తవిటమ్మది.

తవిటమ్మ సంగతి చెప్పకపోతే కూర్మమ్మ సంగతి సగమే చెప్పినట్టు. తల్లి పోతే కూర్మమ్మని చంకనేసుకుని పెంచింది ఆ అప్పే. తవిటమ్మకి పిల్లల్లేరు. మొగుడు వేటకి పోయి తిరిగి రాకపోతే, ఇక నీకెవరున్నారే అని జనం ఏడ్చారు. "నాకు మా కూర్మి ఉన్నాది" అందట ఆమె, కన్ను తుడుచుకుని. అంత ప్రేమ ఒక్క పళ్లెంతో పోయింది.

కూర్మమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడు అమ్మవారి పండుగ వచ్చింది. తవిటమ్మ మొక్కు తీర్చుకుని, మేకపోతుని కోసి, వండినదాంట్లో మొదటి పళ్లెం చెల్లెలికి తెచ్చింది. విగ్రహానికి పెట్టింది తినకూడదని కూర్మమ్మ కొత్తగా నేర్చుకుంది. కొత్త భక్తి కదా, కాళ్లు నేల మీద ఆనవు. వద్దప్పా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అబ్బే! పదిమంది చూస్తుండగా పళ్లెం అందుకుని, వాకిట్లోకి నడిచి, కుక్కల ముందు గుమ్మరించింది. తన విశ్వాసం ఎంత గట్టిదో పేటంతా చూడాలి మరి.

తవిటమ్మ ఖాళీ పళ్లెం తీసుకుంది. "నా సేతి కూడు కుక్కలకేసినావు కూర్మీ. ఇంక నీ సేతి మెతుకు నాను ముట్టను" అని వెళ్లిపోయింది.

పాస్టరు గారికి తెలిసి తల పట్టుకున్నారు. "తినకపోతే తినకపోదువు, పారబొయ్యమని ఎవరు చెప్పారమ్మా? వెళ్లి మీ అప్ప కాళ్లు పట్టుకో" అన్నారు. అప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పారో. వాక్యం చెప్పేటప్పుడు కూడా, తోడబుట్టిన వాళ్లకి నీ మీద బాధ ఉంటే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలి అంటూ ఆవిడ వైపే చూసేవారు. కూర్మమ్మ మాత్రం పైట సర్దుకుని పక్కవాళ్ల వైపు చూసేది. ఏళ్లు గడిచాయి. తుఫానులో తవిటమ్మ ఇంటి కప్పు కూలి ఆమె తుంటి విరిగింది. కూర్మమ్మ వెళ్లి తడిక దగ్గర నిలబడింది. తవిటమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నాను ఎల్లినాను, అదే మొగం తిప్పుకున్నాది అని సరిపెట్టుకుంది కూర్మమ్మ. ఆ తర్వాత పిడికిలి తీసినప్పుడు ఆమెకి ఏ మొహమూ కనబడలేదు. కనబడాలని చూడనూ లేదు.

ఇదిగో, కుళాయి దగ్గర ఆ మాట విన్న వారమే కూర్మమ్మ బియ్యానికి తిరుగుతూ జగ్గమ్మ ఇంటికి వెళ్లింది. కుండ వంచితే నాలుగు గింజలు రాలాయి. కిందటి వారమూ ఇంతే. అంతకు ముందూ ఇంతే అని గుర్తొచ్చింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం గుండె గంతులేసింది. ఓహో! అందరి నెత్తినా చెయ్యి పెట్టి ఏడ్చే మహా భక్తురాలు దేవుడి పిడికెడు మటుకు తనే మింగేస్తోందన్నమాట!

"ఏటే జగ్గమ్మా, ఇంతేనా?" అంది తేనె పూసిన గొంతుతో.

"నా కాడ ఉన్నాది అంతే పిన్నీ" అంది జగ్గమ్మ, తల వంచుకుని.

కూర్మమ్మ ఆ తల వంచుకోవడం చూసి ఎంత సంతోషపడిందో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

కోత పండుగ నాడు ఏ ఇంటి కుండ ఆ ఇల్లాలే మందిరానికి తెచ్చి, ఇరుకు మూతి ఉన్న పెద్ద సంచిలో పోస్తుంది. ఆ ఏడు కూర్మమ్మ పాస్టరు గారి దగ్గరికి ముందే వెళ్లింది. "అయ్యగారూ, సంచెందుకు? తెల్లగుడ్డ పరుద్దాం. పండగ కదా, దేవుడి ముందర రాసి కనబడితే సక్కగుంటాది" అంది. ఆయన దీపాల తీగలు సరిచేసుకుంటూ సరేనమ్మా అన్నారు. ఏం అడిగిందో ఆయన చెవికెక్కితేనా!

గుడ్డ పరిచింది. ఒక్కొక్కరి పేరూ కూర్మమ్మే పిలిచింది. ఒక్కో కుండా బోర్లిస్తుంటే బియ్యం గుడ్డ మీద జలజల రాలి కుప్పయింది. జగ్గమ్మ పేరు ఆఖర్న పిలిచింది, కావాలనే. జగ్గమ్మ కుండ పొట్టకి అదుముకుని లేచి, గుడ్డని చూసి ఆగిపోయింది. కూర్మమ్మ ఎదురు వెళ్లి ఆ కుండ తన చేతుల్లోకి తీసుకుని, అందరూ చూసేలా పైకెత్తి, బోర్లించింది.

నాలుగు గింజలు రాలాయి.

"అయ్యో తల్లీ, పిడికెడు కూడా నేదా?" అంది కూర్మమ్మ. మందిరం మూల మూలకీ వినపడేలా అంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జగ్గమ్మ ఖాళీ కుండ అందుకుని వెనక్కి వెళ్లి కూర్చుంది. నవ్వే మనిషి నవ్వలేదు. కూర్మమ్మ కడుపులో ఎన్నాళ్లుగానో రగులుతున్న మంట మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది.

ఆరాధన అయ్యాక చేతులెత్తమంటే చేతులన్నీ కూర్మమ్మకే లేచాయి. పాస్టరు గారి భార్య అనూరాధమ్మ పెట్టె తాళం తెచ్చి ఆమె నడుముకి కట్టింది. జగ్గమ్మ అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. తాళం బరువు తగులుతుంటే కూర్మమ్మకి ఒళ్లు పులకరించింది.

అప్పుడు పాస్టరు గారు లేచారు. కొత్త నాయకురాలు చెయ్యాల్సిన మొదటి పని అందరికీ తెలిసిందే. ఆ రాశి బియ్యం వండి, మొదటి గిన్నె నెత్తిన పెట్టుకుని, సమాజం ఆడవాళ్లు పాట పాడుతూ వెంట రాగా, పేటలో ఎవరికి ఎక్కువ అవసరమో ఆ ఇంటికి మోసుకెళ్లాలి. ఏ ఇల్లో పాస్టరు గారు చెప్తారు.

"ఈసారి మన గిన్నె తవిటమ్మ గారింటికి" అన్నారాయన.

కూర్మమ్మ నడుముకున్న తాళం పట్టుకుంది. "అయ్యగారూ, అది నా సేతి కూడు తినదు. మీకు తెలుసు కదా" అంది మెల్లగా.

"తినడం మానడం ఆవిడిష్టం. మొయ్యడం నీ పనమ్మా. నాయకురాలివి కదా."

ఏం చేస్తుంది? గుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని గిన్నె ఎత్తుకుంది. వెనక ఆడవాళ్లు పాట అందుకున్నారు. పేట దాటి, సరుగుడు తోట పక్క నుంచి ఇసుకలో నడుస్తుంటే కాళ్లు కూరుకుపోతున్నాయి. తోట చివర తవిటమ్మ పాక. కూలిన కప్పు మీద ఎవరో పాత వల, టార్పాలిన్ కలిపి కట్టారు. తవిటమ్మ గుమ్మంలో గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఎంత చిక్కిపోయింది! చేపలు ఒలిచి ఒలిచి అరిగిన ఆ వేళ్ల ముద్రలు ఇప్పుడు రేషన్ మిషను మీద కూడా పడవని, బియ్యం ఇవ్వడం లేదని జనం అనుకోగా వింది కూర్మమ్మ. విని ఊరుకుంది.

"ఎవులది?" అంది తవిటమ్మ, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

కూర్మమ్మ గిన్నె అంచు గట్టిగా పట్టుకుంది. వెనక నుంచి ఎవరో అన్నారు. "మన కూర్మమ్మ పిన్ని పెద్దమ్మా. ఇయాల్టి నుంచి సమాజానికి నాయకురాలు. నీకు కూడు తెచ్చినాది."

"ఎవులూ? నా కూడు కుక్కలకేసిన ఆమేనా?"

పాట ఆగిపోయింది.

"దించకు" అంది తవిటమ్మ. "నా గుమ్మంలో దించకు కూర్మీ. నాకు కూడు నేదని ఎవులు సెప్పినారు మీకు? నాకు జగ్గి ఉన్నాది."

కూర్మమ్మ నెత్తి మీద గిన్నె కదిలింది.

"రోజూ తెల్లారకముందే గంజి కాసి తెస్తాది. నాకు పట్టించి, నా మొగం కడిగి, అప్పుడు ఒడ్డుకు పరిగెడతాది. ఆలీసమైపోనాదే, నీకు మంచి సరుకు దొరకదే అంటే ఇనదు. ఆ కప్పు దాని మొగుడు కట్టినాడు. మీ దేవుడి కుండలో ఏసే పిడికిలి కూడా నాకే తెస్తాది. నానే అడిగినాను, ఒసే, మీ వోల్లు ఊరుకుంటారేటే అని. అదేటన్నాదో తెలుసా? 'మా కూర్మమ్మ పిన్నే సెప్పినాది పెద్దమ్మా, పిడికిలి తీసినప్పుడు ఒక మొగం తలుసుకోవాలని. నాకు నీ మొగమే కనబడతాది' అన్నాది."

"ఓలమ్మ!" అన్నారు వెనక ఎవరో.

"మరి మాకెవులికీ సెప్పనేదేటి?" అని ఇంకొకామె అడిగింది.

"నానే ఒట్టేయించుకున్నాను. కూర్మి సెవిన పడితే గంజి ముట్టనన్నాను. ఇయాల నానే సెప్పీసినాను. పొండి."

తల కొట్టేసినట్టయింది కూర్మమ్మకి. వెనక ఉన్న ఆడవాళ్లందరూ పొద్దున్న ఆ కుండ ఎవరు బోర్లించారో చూసినవాళ్లే. కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆమెని కోసింది సిగ్గు కాదు. నాకు కూర్మి ఉన్నాది అన్న నోరు అది. ఆ నోటనే నాకు జగ్గి ఉన్నాది అన్న మాట వచ్చింది. ప్రార్థనలు పోతే పోయాయి, పాతపట్నం బేరాలు పోతే పోయాయి, కానీ అప్పని కూడా పట్టుకుపోయిందే ఈ జగ్గి! ఇన్నాళ్లూ కుళ్లుకున్నదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గిన్నె దించకుండానే వెనక్కి తిరిగింది.

మందిరం మెట్ల మీద పాస్టరు గారు కూర్చుని ఉన్నారు. కూర్మమ్మ గిన్నె ఆయన ముందు దించింది. "మీకు తెలిసే పంపినారా అయ్యగారూ?" అంది.

"గంజి సంగతి నాకూ తెలీదమ్మా. మీ అప్ప సంగతే తెలుసు. తెల్లగుడ్డ సంగతి, అది పరిచాక గానీ తెలియలేదు. ఆ తప్పు నాది కూడా."

కూర్మమ్మ నడుముకున్న తాళం విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. "ఉంచుకో. నాయకురాలి పని నువ్వింకా చెయ్యనేలేదు" అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు వేకువన జగ్గమ్మ పొయ్యి రాజేస్తుంటే గుమ్మంలో కూర్మమ్మ నిలబడి ఉంది. పిడికిలి బిగించుకుని ఉంది.

జగ్గమ్మ చూసి కూడా లేవలేదు. పొయ్యి ఊదుకుంటూనే అంది. "ఏటి పిన్నీ ఇలాగొచ్చినావు? ఇంకా ఏదైనా బోర్లించాలా?"

కూర్మమ్మ తల దించుకుంది.

"నాకు కోపం రాదనుకున్నావేటి? నిన్నంతా ఏడిసినాను. నీకోసం పార్దన సేద్దామని కూకుంటే మాటే రానేదు. నువ్వు సెయ్యి పట్టుకుని తెచ్చిన సోటే అందరి ముందరా నా పరువు తీసినావు కదా!"

జగ్గమ్మకి కూడా ప్రార్థన రాని రోజుంటుందా అని కూర్మమ్మకి లోపల ఎక్కడో చిన్న సంతోషం తగిలింది. పాడు బుద్ధి, ఆ గుమ్మంలో కూడా ఆమెని వదల్లేదు. దాన్ని అలాగే మింగేసి, గడప మీద కూర్చుంది.

"తప్పు నాది జగ్గీ. కుళ్లు. నీ మీద కుళ్లుతో సేసినాను. ఆదివారం అందరి ముందరా సెప్తాను. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

జగ్గమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టి నోరు తెరిచింది. "నా మీద కుల్లా? నా కాడ ఏటున్నాదని పిన్నీ?"

"మా అప్ప ఉన్నాది" అంది కూర్మమ్మ. అంటూనే పసిపిల్లలా బావురుమంది. చీరకొంగుతో ముక్కు చీదుకుంది కూడా.

జగ్గమ్మ చేతులు తుడుచుకుంది. తర్వాత గంజి కుండ ముందుకు జరిపింది. కూర్మమ్మ పిడికిలి విప్పి బియ్యం అందులో వేసింది.

"మా అప్ప గంజి ఎలాగ తాగతాదే?" అని అడిగింది. తనని చంకనేసుకుని పెంచిన అప్ప ఏం తింటుందో, ఎలా తింటుందో పరాయి మనిషిని అడగవలసి వచ్చినందుకు ఆమెకి ప్రాణం చచ్చిపోయింది.

"మెతుకు బాగా ఉడకాల. పల్లు నేవు కదా. రెండు నెత్తల్లు నిప్పుల మీద కాల్సి నలిపి ఎయ్యాల" అంది జగ్గమ్మ. కూర్మమ్మ తనే కాచింది. తనే కలిపింది.

ఇద్దరూ సరుగుడు తోట దాటి వెళ్లారు. జగ్గమ్మ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది. కూర్మమ్మ తడిక బయట నిలబడిపోయింది. సందులోంచి కనబడుతోంది. జగ్గమ్మ చెయ్యి అప్ప వీపు కిందకి వెళ్లి లేపి కూర్చోబెడుతోంది. జగ్గమ్మ చెయ్యి గిన్నె అందిస్తోంది. ఆ చెయ్యి తనదైతే ఎంత బాగుండునని కూర్మమ్మకి మళ్లీ ఒళ్లు మండింది. మండనీ అనుకుని అలాగే నిలబడింది.

తవిటమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

"ఇయాల ఉప్పెక్కువైనాది" అంది.

"పొరపాటైపోనాది పెద్దమ్మా" అంది జగ్గమ్మ గాభరాగా.

"పొరపాటేటి? ఆ ఉప్పు సెయ్యి నాకు తెల్దేటి?"

గిన్నె విసిరికొడుతుందా, కుక్కలకి వెయ్యమంటుందా అని కూర్మమ్మ తడిక పట్టుకుంది. చాలాసేపటికి మళ్లీ గుక్క వేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకొకటి. గిన్నె అడుగు దాకా.

"ఇంకొంచెం పొయ్యి" అంది తవిటమ్మ. "రేపు తగ్గించమని సెప్పు దానికి."